పిల్లల ఆటకు ఇంట్లో చోటివ్వడం ఎలా?

పిల్లలకు ఆడుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. తీరికైన వేళ, కాస్త చోటు, చేతికందే నాలుగు వస్తువులు, మధ్యలో దూరని పెద్దవాళ్ళు ఉంటే చాలు. మొదటి మూడూ ఏ ఇంట్లోనైనా ఎలాగోలా అమరుతాయి. నాలుగోదాని దగ్గరే ఎక్కువమంది తల్లిదండ్రులు తడబడతారు. కొందరు ఆటను పాఠంగా మార్చేస్తారు. కొందరు బొమ్మలు కొనిచ్చి, ఇక తమ పని అయిపోయిందనుకుంటారు.

మూడేళ్ళ పాప చెక్క దిమ్మెలతో వంతెన కడుతోందనుకోండి. రెండు దిమ్మెలు నిలబెట్టింది. వాటి మీద మూడోది అడ్డంగా పెట్టబోతే, సందు ఎక్కువై అది కింద పడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. విసుగొచ్చి మూలిగింది. ఈసారి పైదాన్ని ముట్టుకోకుండా, కింద ఉన్న రెండింటిలో ఒకదాన్ని దగ్గరకు జరిపింది. వంతెన నిలబడింది. ఆ కాసేపట్లో పాప పొడవును కంటితో కొలిచింది, తప్పు ఎక్కడుందో వెతికింది, కోపాన్ని అదుపులో పెట్టుకుంది, పట్టు వదలకుండా పని ముగించింది. మొదటిసారి పడగానే పెద్దవాళ్ళెవరో చెయ్యి చాచి సర్దిపెట్టి ఉంటే వంతెన మాత్రమే మిగిలేది, ఇవేవీ జరిగేవి కావు. అందుకే పిల్లలు తంటాలు పడుతున్నప్పుడు మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ మీ వైపు చూసి సాయం అడిగితే, మొత్తం చేసిపెట్టకుండా ఒక్క మాట అందించండి: "ఈ రెండింటి మధ్య సందు చూడు."

చదువు తర్వాత మిగిలిన టైములో ఆడుకోనివ్వడం అనేది పెద్దవాళ్ళు పెట్టుకున్న లెక్క. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందంలో 31వ అధికరణం ఆటను పిల్లల హక్కుగానే గుర్తించింది. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2018లో వెలువరించిన నివేదికలో, మొదటి రెండేళ్ళలో పిల్లల్ని చూపించడానికి వచ్చినప్పుడల్లా మందుచీటీలో ఆటను కూడా రాసివ్వమని డాక్టర్లకు సూచించింది.

ఎంతసేపు, ఎప్పుడు

ఒంటికి పని చెప్పే ఆటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లెక్కలు ఇచ్చింది. ఏడాది నిండని, ఇంకా పాకడం రాని పసిపిల్లల్ని మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలి. ఒకేసారి అంతసేపు అక్కర్లేదు, మొదట్లో రెండు మూడు నిమిషాలకే ఏడుస్తారు. మీరూ నేలమీద బోర్లా పడుకుని ముఖం ఎదురుగా పెడితే ఇంకాస్త సేపు తల ఎత్తి చూస్తారు. ఒకటి నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక కావాలి. మూడేళ్ళు నిండాక అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా పరుగులు, గంతులు ఉండాలి. ఐదేళ్ళు దాటాక కూడా రోజుకు సగటున 60 నిమిషాల ఆయాసపు ఆట తగ్గకూడదని 2020లో చెప్పింది. స్క్రీన్ విషయంలో అదే సంస్థ మాట: రెండేళ్ళలోపు వద్దు, ఆ తర్వాత ఐదేళ్ళు నిండేదాకా రోజుకు గంటకు మించవద్దు.

అంకెలకంటే ముఖ్యమైనది, ఆ వేళ ముక్కలు కాకుండా ఉండటం. రోజులో ఒక్కసారైనా ముప్పావు గంట నుంచి గంట దాకా ఎవరూ పిలవని సమయం ఉంచండి. మొదటి పది నిమిషాలు పిల్లలు అటూ ఇటూ తిరుగుతారు, ఒకటి తీస్తారు, ఒకటి పడేస్తారు. అది చూసి "ఖాళీగా ఉన్నాడు" అని పని పురమాయించడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. అసలు ఆట సాధారణంగా ఆ తర్వాతే మొదలవుతుంది. "ఏం తోచట్లేదు" అని వస్తే ఫోన్ చేతికివ్వకండి. వెంటనే పది సలహాలూ ఇవ్వకండి. "కాసేపు కూర్చో, ఏదో ఒకటి తోస్తుంది" అని పక్కన చోటివ్వండి.

టీవీ ఎవరూ చూడకపోతే కట్టేయండి. పిల్లలు దాని వైపు చూడకపోయినా, గదిలో మోగుతుంటే వాళ్ళ ఆట తెగిపోతుంది, ఒక్కో వస్తువుతో ఆడే సేపు తగ్గిపోతుంది. పెద్దవాళ్ళు పిల్లలతో మాట్లాడటమూ తగ్గుతుంది.

బొమ్మలు తగ్గించడం

అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ పిల్లల ముందు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 బొమ్మలు పెట్టి చూశారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, దాన్ని ఎక్కువ రకాలుగా వాడారు. ఇంట్లో ఇది అమలు చేయడానికి ఒక పూట చాలు.

ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ నేలమీద పోయండి. విరిగినవి, ముక్కలు పోయినవి ముందు తీసేయండి. మిగిలినవాటిలో ఆరు నుంచి ఎనిమిది మాత్రం పిల్లల చేతికందే ఎత్తులో అరమీద పెట్టండి. కట్టుకోవడానికి ఒకటి, ఉత్తుత్తి ఆటకు ఒకటి, గీయడానికో అతకడానికో ఒకటి, పరిగెత్తించడానికి ఒకటి, మిగతావి పుస్తకాలు. చిన్న ముక్కలున్న ప్రతిదానికీ విడి ట్రే ఉండాలి. పెద్ద బుట్టలో అన్నీ కలిపి పడేస్తే పిల్లలు బుట్ట బోర్లించడమే ఆటగా పెట్టుకుంటారు. మిగిలిన బొమ్మలను మూడు అట్టపెట్టెల్లో సర్ది కనపడని చోట పెట్టి, రెండు వారాలకోసారి పెట్టె మార్చండి. పడుకునేటప్పుడు పక్కలో పెట్టుకునే బొమ్మ, రోజూ ముట్టుకునే బొమ్మ ఈ మార్పులోకి రాకూడదు. నాలుగేళ్ళు నిండిన పిల్లలైతే వాళ్ళకు చెప్పకుండా దాచకండి. తన వస్తువులు మాయమవుతాయన్న భయంతో ప్రతిదీ గట్టిగా పట్టుకోవడం మొదలుపెడతారు. ఏది లోపల పెట్టాలో వాళ్ళతోనే చెప్పించండి.

మాట్లాడే, పాడే బ్యాటరీ బొమ్మలు మాటలు నేర్పుతాయని నమ్మి కొంటారు. 2016లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, పది నుంచి పదహారు నెలల పిల్లలు అలాంటి బొమ్మలతో ఆడుతున్నప్పుడు తల్లిదండ్రులు మాట్లాడే మాటలు తగ్గిపోయాయి. పిల్లలు చేసే ధ్వనులూ తగ్గాయి. పుస్తకాలతో కూర్చున్నప్పుడు మాటలు ఎక్కువగా సాగాయి. బొమ్మ మాట్లాడుతుంటే మనం ఆగిపోతాం, జరిగేది అదే.

కొన్న బొమ్మకంటే ఎక్కువ కాలం పనికొచ్చేవి రూపం తేలని వస్తువులు. అట్టపెట్టెలు, దుప్పట్లు, పెద్ద మూతలు, గిన్నెలు, గరిటెలు, బట్టల క్లిప్పులు. వీటికి ముందే నిర్ణయమైన పని లేదు కాబట్టి ఇవాళ పడవైన పెట్టె రేపు ఆసుపత్రి అవుతుంది. ఉదాహరణకు గుడారం: వీపులు ఎదురెదురుగా ఉండేలా రెండు కుర్చీలను మీటరు దూరంలో పెట్టి, పైన దుప్పటి పరిచి, ఒక్కో కుర్చీకి రెండేసి క్లిప్పులు పెట్టండి. కుర్చీలు తేలికైతే పిల్లలు దుప్పటి లాగినప్పుడు వాళ్ళ మీదే పడతాయి, బరువైనవి తీసుకోండి. దుప్పటి జారకుండా పైన పుస్తకాలు, డబ్బాలు బరువుగా పెట్టడం మాత్రం వద్దు. తల మీద పడేవి అవే.

పిసికే పిండి ఇంట్లోనే చేయడం

రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, రెండు టేబుల్ స్పూన్ల నూనె, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్ళు చాలు. పొడి పిండిలో ఉప్పు బాగా కలిపి, నూనె వేసి, నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ఐదారు నిమిషాలు గట్టిగా పిసకండి. నీళ్ళన్నీ ఒకేసారి పోస్తే బంకగా మారి వేళ్ళకు అంటుకుంటుంది. అలా అయితే చెంచాడు చెంచాడు మైదా చల్లుకుంటూ పిసకాలి. విరిగిపోతుంటే తడి చేత్తో పిసకండి, ఇంకా నీళ్ళు పోయకండి. గాలి చొరని డబ్బాలో పెడితే వారం పైగా ఉంటుంది. తేమ ఎక్కువైన రోజుల్లో ఉప్పు నీటిని పీల్చుకుని జిగటగా అవుతుంది, కాస్త మైదా అద్దితే సర్దుకుంటుంది. బూజు కనిపించినా వాసన వచ్చినా పారేయాలి. ఇందులో ఉప్పు చాలా ఎక్కువ, తింటే ప్రమాదం. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకండి, పెంపుడు కుక్కకు అందనివ్వకండి.

అమ్మానాన్నలు కలిసి ఆడే వేళ

కుటుంబానికి అన్నింటికంటే ఎక్కువ మేలు చేసేది ఇదే. రోజుకు ఐదు నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. పిల్లల మొండితనానికి చికిత్సగా అమెరికాలో మనస్తత్వవేత్త షీలా ఐబర్గ్ రూపొందించిన పేరెంట్ చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీలోనూ తల్లిదండ్రులకు ఇచ్చే ఇంటిపని రోజుకు ఐదు నిమిషాలే. అందులోని పద్ధతి ఏ ఇంట్లోనైనా పనికొస్తుంది.

ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. నేలమీద కూర్చోండి. ఏం ఆడాలో పిల్లలే చెప్పాలి. ఆ ఐదు నిమిషాలూ మూడు పనులు మానేయాలి: ప్రశ్నలు వేయడం, పనులు చెప్పడం, తప్పులు దిద్దడం. వినడానికి తేలిక, చేయడానికి చాలా కష్టం. "ఇది ఏ రంగు? ఇవి ఎన్ని ఉన్నాయి?" అని అడగకుండా పెద్దవాళ్ళు ఒక్క నిమిషం ఉండలేరు. ప్రశ్న వేయగానే ఆట పరీక్ష అవుతుంది, పగ్గాలు మీ చేతిలోకి వచ్చేస్తాయి.

వాటి బదులు కళ్ళకు కనిపించేది పైకి చెప్పండి, పిల్లల మాటనే తిరిగి అనండి, వాళ్ళు చేసినట్టు మీరూ చేయండి. ఇలా ఉంటుంది:

"ఎర్రకారు గోడెక్కుతోంది."
"అది కారు కాదు నాన్నా, బల్లి!"
"ఓ, బల్లి! ఎర్రబల్లి గోడెక్కుతోంది."
"దానికి ఆకలేస్తోంది."
"ఆకలేస్తోంది పాపం. నా బల్లికి కూడా ఆకలేస్తోంది."

ఇక్కడ నాన్న ఏమీ నేర్పలేదు, అయినా పిల్లవాడు వాక్యం మీద వాక్యం కట్టుకుంటూ వెళ్ళాడు. మెచ్చుకునేటప్పుడు "వెరీ గుడ్" అని వదిలేయకుండా, ఏం బాగుందో చెప్పండి: "కూలిపోయినా మళ్ళీ కట్టావు, అది నాకు బాగా నచ్చింది." వస్తువులు విసరడం, కొట్టడం మొదలుపెడితే, "ఇవాళ్టికి ఆపేద్దాం, రేపు మళ్ళీ ఆడదాం" అని మెల్లగా లేచిపోండి. చిన్నచిన్న అల్లరిని చూడనట్టు ఉండండి.

ఈ ఐదు నిమిషాలను బహుమతిగా ఇవ్వకండి, శిక్షగా తీసేయకండి. అల్లరి చేసిన రోజే ఇది ఎక్కువ అవసరం. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ విడివిడిగా ఇవ్వాలి. ఉద్యోగం నుంచి అలిసి వచ్చినవాళ్ళు రాత్రికి వాయిదా వేస్తే అది జరగదు. ఇంట్లోకి వచ్చి చేతులు కడుక్కున్న వెంటనే అని పెట్టుకుంటే నిలబడుతుంది.

ఉత్తుత్తి ఆట

ఏడాది, ఏడాదిన్నర మధ్య ఖాళీ గ్లాసు ఎత్తి తాగినట్టు నటించడంతో ఇది మొదలవుతుంది. రెండో ఏడు దాటేసరికి బొమ్మకు తినిపిస్తారు. మూడు నాలుగేళ్ళకు "నువ్వు డాక్టర్, నేను అమ్మ" అంటూ పాత్రలు పంచుతారు. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ ఎత్తి చూపిన సంగతి ఒకటుంది. ఉత్తుత్తి ఆటలోనూ నియమాలుంటాయి, అవి పాత్ర నుంచి పుడతాయి. పిల్లి వేషం వేసినవాడు మాట్లాడకూడదు, మ్యావ్ అనాలి. మామూలుగా నిమిషం నోరు మూయని పిల్లవాడు పిల్లిగా ఉన్నంతసేపూ మాట ఆపుకుంటాడు. తనను తాను అదుపు చేసుకోవడానికి ఇంతకంటే మంచి సాధన ఆ వయసులో దొరకదు.

మిమ్మల్ని పిలిస్తే చిన్న పాత్ర తీసుకోండి. రోగిగా పడుకోండి. కథ నడపడం మీ పని కాదు. ఇంజెక్షన్ వేయించుకొచ్చిన పిల్లలు వారం రోజులు అందరికీ సూదులు పొడుస్తారు. "నొప్పెట్టింది డాక్టరుగారూ" అని మీరు ఏడ్చినట్టు నటిస్తే పకపకా నవ్వుతారు, భయం అలా తీరుతుంది. అదే ఆటను దిద్దబోకండి. వారాలు గడుస్తున్నా అదే భయానక సంఘటనను మార్పు లేకుండా, నవ్వు లేకుండా, బిగుసుకుపోయి ఆడుతుంటే మాత్రం పిల్లల మానసిక నిపుణులతో మాట్లాడటం అవసరం.

కుస్తీలు, పరుగులు

దొర్లడం, వీపెక్కడం, దిండ్లతో కొట్టుకోవడం చూసి ఇంట్లో ఎవరో ఒకరు "ఆపండి" అని అరుస్తారు. ఇది నిజమైన కొట్లాటో కాదో ముఖాలు చూస్తే తెలుస్తుంది. నవ్వుతూ, పడిపోయినవాడు లేచి మళ్ళీ మీదికే వస్తుంటే అది ఆట. దవడ బిగించి, ఒకరు పారిపోవడానికి చూస్తుంటే కొట్లాట. ముందే మూడు షరతులు పెట్టండి: మెడ, ముఖం ముట్టుకోకూడదు. ఎవరైనా "ఆపు" అంటే అదే క్షణం ఆగాలి. బల్లల అంచులకు దూరంగా, పరుపు మీదో చాప మీదో ఆడాలి. కితకితలకూ ఇదే షరతు. నవ్వు ఆపుకోలేక నవ్వుతున్నారు కాబట్టి ఇష్టమే అనుకోవద్దు. ప్రతి పది సెకన్లకు చేతులు తీసేయండి, మళ్ళీ కావాలని వాళ్ళు అడిగితేనే మొదలుపెట్టండి.

చిన్నపిల్లల్ని ముంజేతులు పట్టుకుని పైకి లాగడం, గిర్రున తిప్పడం వద్దు. ఐదేళ్ళలోపు మోచేతి ఎముక కీలు నుంచి జారే ప్రమాదం ఉంది. అలా జారితే పిల్లలు ఆ చెయ్యి కదపకుండా వేలాడేస్తారు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. తిప్పాలనుకుంటే చంకల కింద పట్టుకోండి. పడుకునే ముందు గంటసేపు ఈ ఆటలు మానేస్తే నిద్ర తేలిగ్గా పడుతుంది.

బయట ఎక్కే ఆటల్లో ఒక సూత్రం బాగా పనిచేస్తుంది: తనంతట తాను ఎక్కగలిగినంత ఎత్తుకే పిల్లలు ఎక్కాలి, మీరు ఎత్తి పైన కూర్చోబెట్టకూడదు. ఊరికే "జాగ్రత్త, జాగ్రత్త" అంటే భయం పెరుగుతుంది, ఏం చేయాలో తెలియదు. "ఆ కొమ్మ కదులుతోందేమో చూడు", "ఇప్పుడు ఏ కాలు కింద పెడతావు?" అంటే చూపు పనికొచ్చే చోటికి వెళ్తుంది.

గెలుపు, ఓటమి, తొండి

నాలుగైదేళ్ళ పిల్లలు ఓడిపోతే బోర్డు తిరగేస్తారు, తొండి చేస్తారు. వాళ్ళకు ఆ వయసులో నియమం ఇంకా పూర్తిగా పట్టుబడదు, ఓటమి తట్టుకునే శక్తీ రాదు. పది నిమిషాల్లో ముగిసే ఆటలు, పాచిక మీదే ఆధారపడే ఆటలు ముందు ఆడించండి. పెద్దవాళ్ళు కావాలని ఓడిపోవడం మంచిది కాదు, పిల్లలు త్వరగానే కనిపెడతారు. దానికంటే బాహాటంగా భారం తీసుకోండి: "నేను ఒంటికాలితో పరిగెడతాను", "నేను రెండు గవ్వలు తక్కువతో ఆడతాను." అప్పుడు గెలిచినా అది నిజమైన గెలుపే. తొండి కనిపిస్తే "మొదట అనుకున్న రూలు ఏంటి? మార్చుకుందామా, అయితే అందరికీ మార్చుకుందాం" అనండి.

ఆగడం నేర్పడానికి పాట ఆట చాలు. పాట మోగితే గంతులేయాలి, ఆపగానే బొమ్మలా నిలబడిపోవాలి. పది సార్లు బాగా వచ్చాక తిరగేయండి: పాట మోగితే నిలబడాలి, ఆగితే గంతులేయాలి. ఆరేళ్ళ వాళ్ళు కూడా ఇక్కడ తప్పుతారు, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. తప్పినవాళ్ళను ఆట నుంచి బయటికి పంపకండి, ఎక్కువ సాధన కావలసింది వాళ్ళకే.

తోబుట్టువుల మధ్య పంచుకోమని బలవంతం చేయడం కంటే వంతులు మేలు. రెండేళ్ళ పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటారు, అది సహజం. నిజంగా కలిసి ఆడటం నాలుగేళ్ళ ప్రాంతంలో కుదురుతుంది. అక్క కట్టినదాన్ని బుల్లి తమ్ముడు కూల్చేస్తుంటే ఇద్దరినీ తిట్టే బదులు అక్క పనిని బల్లమీదికి మార్చండి, తమ్ముడికి కూల్చడానికి వేరే గుట్ట కట్టివ్వండి.

ఆట ముగించడం

చిన్నపిల్లలకు నిమిషాలు అర్థం కావు. "ఇంకా ఐదు నిమిషాలు" అనకుండా, "ఇంకా రెండుసార్లు జారుడుబండ ఎక్కి, చెప్పులు వేసుకుందాం" అని లెక్కకు అందేలా చెప్పి, రెండోసారి అయ్యాక మాట మార్చకండి. సగం కట్టిన కోటను సర్దమని పట్టుబట్టకండి. ట్రే మీద కట్టించి, రేపటిదాకా అలాగే ఉంచితే మర్నాడు ఆట ఇంకా లోతుగా సాగుతుంది. సర్దేటప్పుడు "గది శుభ్రం చెయ్యి" అన్న మాట ఐదేళ్ళ వాళ్ళకు కొండంత. "దిమ్మెలన్నీ ఈ ట్రేలో నువ్వు, పుస్తకాలు నేను" అంటే పని నడుస్తుంది.

తప్పనిసరిగా చూసుకోవలసినవి

మూడేళ్ళలోపు పిల్లలకు 3 సెంటీమీటర్ల కంటే సన్నని ముక్కలు, గోళీలు, చిన్న బంతులు ఇవ్వకండి. టాయిలెట్ పేపరు చుట్టే అట్టగొట్టంలో దూరిపోయే వస్తువేదైనా గొంతుకు అడ్డుపడవచ్చని లెక్క వేసుకోండి. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మ మూతకు స్క్రూ ఉండాలి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మింగారన్న అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాలి. రెండు అయస్కాంతాలు మింగినా అంతే, పేగులను మధ్యలో నొక్కి చిల్లు పెడతాయి. ఊదని బెలూన్లు, పగిలిన ముక్కలు ఎనిమిదేళ్ళలోపు వాళ్ళ చేతికి రాకూడదు. నీళ్ళ ఆటలో బేసిన్‌లో కొన్ని సెంటీమీటర్ల నీరున్నా పసివాళ్ళను ఒంటరిగా వదలకూడదు, ఆట కాగానే పారబోయాలి.

ఆటను గమనిస్తే కొన్ని ఇబ్బందులు ముందే తెలుస్తాయి. ఏడాదిన్నరకు కూడా తనకు నచ్చినదాన్ని వేలితో మీకు చూపించకపోవడం, రెండున్నరేళ్ళకు ఉత్తుత్తి ఆట అసలే లేకపోవడం, ఎంతసేపూ చక్రం తిప్పడం లాంటి ఒకే పనిలో ఉండి ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం, అంతకుముందు వచ్చిన మాటలు గానీ ఆటలు గానీ పోవడం. వీటిలో ఏదైనా కనిపిస్తే "పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది" అని ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. ఆడుతున్నప్పుడు తీసిన రెండు మూడు నిమిషాల వీడియో వెంట తీసుకెళ్తే, కొత్తచోట బిగుసుకుపోయే పిల్లల విషయంలో డాక్టరుకు అది చాలా సాయపడుతుంది.